ఆరో ఆప్షన్

ఆ యేడు ఫోను మోగితే చాలు, సైదులు మాస్టారికి గుండె ఝల్లుమనేది.

ఆయన మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. పదో తరగతి పాసైన పిల్లలు తర్వాత ఏం చదవాలో, ఎక్కడ చేరాలో చెప్పే పని కూడా హెడ్మాస్టరు ఆయనకే అప్పగించాడు. మిగతా మాస్టర్లెవరూ దానికి ఒప్పుకోలేదు. పిల్లవాడు బాగుపడితే అది వాడి తెలివి, చెడిపోతే మాస్టారి సలహా. అలాంటి పని ఎవరికి కావాలి?

అంతకు ముందటేడు నాసరయ్య అనే కుర్రాణ్ణి ఆయన దూరపు పాలిటెక్నిక్‌లో చేర్పించాడు. మంచి కాలేజీ, మంచి కోర్సు. చేరిన ఎనిమిదో రోజున కుర్రాడు ఎవరికీ చెప్పకుండా హాస్టల్లోంచి వెళ్ళిపోయాడు. ఐదు రోజులు జాడ లేదు. చివరికి ఒక బస్టాండు హోటల్లో ప్లేట్లు కడుగుతూ కనబడ్డాడు. ప్రాణాలతో దొరికాడు, అదే పదివేలు. కానీ మళ్ళీ పుస్తకం ముట్టలేదు.

ఆ ఐదు రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నాసరయ్య తల్లి స్కూలుకు వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి ఒక్క మాట అడిగింది.

"ఆ కాలేజీ పేరు మీరే గదా సార్ రాసింది?"

సైదులు తల ఊపాడు. ఆవిడ వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం ఆయన్ని పట్టుకుని వదల్లేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే వినబడేది, బోర్డు మీద లెక్క రాస్తుంటే వినబడేది.

వేడిపాలకు నోరు కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు. ఆ యేడు పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ రాగానే సైదులు ఒక నిర్ణయానికి వచ్చాడు. పద్నాలుగు మంది పిల్లలు ర్యాంకులు తెచ్చుకున్నారు. పద్నాలుగు మందికీ వెబ్ ఆప్షన్లు తనే కూర్చుని పెట్టాడు. అందరికీ మొదటి ఆప్షన్ ఒకటే: మా ఊరి పాలిటెక్నిక్. ఇంటి నుంచి సైకిలు మీద పోయి రావచ్చు. సాయంత్రానికి తల్లి కళ్ళ ముందు ఉంటారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ ఆప్షన్ల జాబితాను కంప్యూటరు పైనుంచి కిందికి చదువుతుంది. పిల్లల ర్యాంకుకు ఎక్కడ సీటు దొరికితే అక్కడ ఆగిపోతుంది. దాని కింద ఏం రాసి ఉన్నా చూడదు. మా ఊరి కాలేజీలో పోటీ తక్కువ. అది మొదట ఉంటే కంప్యూటరు అక్కడే ఆగిపోతుంది. లెక్కల మాస్టారు కాబట్టి సైదులుకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు.

ఆ పద్నాలుగు మందిలో ఈశ్వరి ఒకతె. చినకొండపల్లె కమ్మరి మోనాచారి కూతురు. మెటలర్జీ చదవాలని ఆ పిల్ల కోరిక. రాత్రంతా రైల్లో పోతే గానీ ఆ కోర్సున్న కాలేజీ రాదు. ఎందుకమ్మా నీకు ఆ కోర్సు అని మాస్టారు అడిగితే ఇలా చెప్పింది:

"మా నాయన ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాడు సార్, గట్టిపడుద్ది. అదే ఇనుము ఊరికే చల్లారితే వంగిపోద్ది. ఎందుకని అడిగితే చేతికి తెలుసులేవే అంటాడు. చేతికి తెలిస్తే చాలదు సార్. నాకు తెలియాల."

సైదులుకు ఆ మాట నచ్చింది. నచ్చినందుకే భయమేసింది. ఆమె జాబితాలో మెటలర్జీని ఆరో ఆప్షన్‌గా పెట్టాడు. "నువ్వడిగింది కూడా పెట్టానమ్మా" అన్నాడు. ఆ పిల్ల సంతోషంగా దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం పెట్టినప్పటి నుంచి మాస్టారికి ఉన్న కాస్త నిద్ర కూడా పోయింది.

ఆప్షన్లు మార్చుకోవడానికి చివరి రోజు వచ్చింది. సాయంత్రం ఐదుకు మూసేస్తారు. ఆ రోజు పదకొండింటికి సైదులు ఖాసిం తాత దగ్గరికి వెళ్ళాడు.

ఖాసిం తాత దూదేకుల సాయిబు, దర్గా వీధిలో దర్జీ. ఊళ్ళో చాలామందికి ఆయన బట్టలు కుట్టే ముసలాయన. ఓ పదిమందికి మాత్రం గురువు. బేస్తవారం సాయంత్రాలు వాళ్ళు వచ్చి ఆయన మిషన్ చుట్టూ కూర్చుంటారు. ఆయన బోధించేది ఏమీ ఉండదు. కాజాలు కుడుతుంటాడు, వాళ్ళు చూస్తుంటారు. సైదులు పదహారేళ్ళుగా అలా చూస్తూనే ఉన్నాడు.

"ఏంది సైదులూ, ఇయ్యాల బేస్తవారం గూడా కాదే?"

"మనసు బాగాలేదు తాతా. పిల్లల కోసం దువా చెయ్యండి."

"ఏమైంది పిల్లలకి?"

"ఏం కాలేదు. ఏం కాదు కూడా. అందరికీ ఊళ్ళో కాలేజీయే మొదట పెట్టాను. ఏ తల్లీ వచ్చి నన్ను అడగాల్సిన పని లేదు."

"ఏం కాకపోతే దువా ఎందుకబ్బా?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే సైదులు అన్నీ చెప్పుకొచ్చాడు. నాసరయ్య సంగతి, ఈశ్వరి సంగతి, ఆరో ఆప్షన్ సంగతి, కంప్యూటరు ఆ ఆరు దాకా రాదన్న సంగతి, ఆ రోజుతో గడువు అయిపోతుందన్న సంగతి. తాత కాజా కుట్టడం ఆపకుండా విన్నాడు. చివర్లో దారం కొరికి తెంపాడు.

"దువాదేముందిలే, చేద్దాం. ముందు లేచి నిలబడు."

ప్రతి యేడూ కాలేజీకి పోయే పిల్లల్లో ఒకరికి తాత ఊరికే ఒక జత బట్టలు కుట్టి ఇస్తాడు. అందుకని దాచిన గుడ్డ తీశాడు. నీలం రంగు మీద సన్న తెల్ల చుక్కలు.

"ఈ యేడు ఆ కమ్మరి పిల్లకు కుడదాం" అంటూ మెళ్ళో వేలాడే టేపు తీసి సైదులు భుజాల మీద పరిచాడు.

"పిల్లకు కదా తాతా? కొలతకు ఆది డ్రెస్సు తెప్పిస్తానుండు."

"కదలబాక."

భుజం కొలిచాడు. ఛాతీ కొలిచాడు. చెయ్యి చాపమని, చెయ్యి పొడుగు కొలిచాడు. కొలతల పుస్తకంలో పైన ఈశ్వరి పేరు రాసి, కింద ఒక్కొక్కటే వేసుకున్నాడు. పెద్దాయన ఏదో పరధ్యానంలో ఉన్నాడనుకుని సైదులు ఊరుకున్నాడు. తాత గుడ్డను బల్ల మీద పరిచాడు. సుద్దతో గీతలు గీశాడు. అవి నలభై ఏళ్ళ లావుపాటి మగమనిషి కొలతలు.

కత్తెర తీసుకున్నాడు.

ఇప్పుడు ఆపుతాడులే అనుకున్నాడు సైదులు. తాత ఆపలేదు. కత్తెర కరకరమంటూ నాలుగు వేళ్ళ మేర గుడ్డలోకి దిగింది. సైదులు ముందుకు వచ్చి తాత చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు తాతా! అది ఆ పిల్లకు కుదరదు!"

"ఎందుకు కుదరదు?"

"ఆ కొలతలు నావి!"

తాత కత్తెర గుడ్డలో అలాగే ఉంచి, కళ్ళద్దాల పైనుంచి సైదులు వంక చూశాడు. వీధిలో ఎవరో ఆటో స్టార్టు చేస్తున్నారు. అది స్టార్టయి వీధి మలుపు తిరిగేలోగా, తానన్న మాట తనకే వినబడి సైదులు ఆయన చెయ్యి వదిలేశాడు.

"ఎన్నింటిదాకా టైముందన్నావు?"

"ఐదింటిదాకా."

"మరి ఇక్కడేం చేస్తన్నావు?"

సైదులుకు చెప్పులు వేసుకోవడం కూడా సరిగ్గా కుదరలేదు. స్కూలుకు పోయి వరుసగా పద్నాలుగు మందికీ ఫోన్లు చేశాడు. ఆప్షన్ల వరుసను కంప్యూటరు ఎలా చదువుతుందో ఈసారి దాచకుండా చెప్పాడు. తొమ్మిది మంది, ఊళ్ళోదే మాకు కావాల సార్ అన్నారు. నలుగురు వచ్చి తమ చేత్తో మార్చుకున్నారు. మోనాచారి ఫోను మాత్రం పలకలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ చేశాడు. స్విచ్ ఆఫ్.

మూడుంబావుకు బండి తీశాడు. చినకొండపల్లె తొమ్మిది కిలోమీటర్లు. దారి పొడుగునా ఆయనకు రెండు భయాలు. టైముకు చేరలేనేమోనని ఒకటి. చేరితే ఏమవుతుందోనని ఇంకొకటి. ఈ రెండో భయంతో ఒకచోట బండి ఆపేశాడు కూడా. ఇక్కడే కాసేపు కూర్చుంటే ఐదవుతుంది, ఎవరూ ఏమీ అనరు. ఆ ఆలోచనకు తనకే సిగ్గేసి మళ్ళీ కిక్కు కొట్టాడు.

కొలిమి దగ్గర మోనాచారి పారకు అంచు తీస్తున్నాడు. ఈశ్వరి తిత్తి చక్రం తిప్పుతోంది. మాస్టారిని చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఫోనులో ఛార్జింగు లేదు సార్, పొద్దుట్నుంచీ కరెంటు లేదు" అన్నాడు మోనాచారి. "ఏమన్నా తప్పు జరిగిందా?"

"జరిగింది. నేనే చేశాను." సైదులు ఈశ్వరి వైపు తిరిగాడు. "నువ్వడిగిన కోర్సు ఆరో ఆప్షన్‌గా పెట్టానమ్మా. అక్కడ పెడితే అది నీకు రాదు."

మోనాచారి చేతిలో సుత్తి దిగిపోయింది. "మాకేం తెలుస్తది సార్ ఇవన్నీ? మీ మీదనే గదా వదిలిపెట్టాం."

ఈశ్వరి మాత్రం నెమ్మదిగా అడిగింది. "తెలిసే పెట్టారా సార్?"

"తెలిసే పెట్టాను."

"నాకు సీటు రాదనుకున్నారా?"

"వస్తదనే భయపడ్డాను."

ఆ పిల్లకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సైదులు కొలిమి పక్కన నేల మీద కూర్చుని నాసరయ్య కథంతా చెప్పాడు. ఐదు రోజుల గురించీ, వాడి తల్లి అడిగిన మాట గురించీ చెప్పాడు. ఇంట్లో భార్యకు కూడా అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత హాస్టల్ ఎలా ఉంటుందో చెప్పాడు. మొదటి నెల అన్నం సయించదనీ, ఇంగ్లీషు పాఠం అర్థం కాదనీ, ఆదివారం సాయంత్రాలు మరీ కష్టమనీ చెప్పాడు. ఇవన్నీ నాసరయ్యకు ముందే చెప్పి ఉండాల్సిందని చెబుతుండగానే ఆయనకు తెలిసొచ్చింది.

"వెళ్ళిపోవాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తావమ్మా?"

ఈశ్వరి ఆలోచించింది. "మా నాయనకు చెయ్యను సార్, ఏడుస్తాడు. మీకు చేస్తా."

ఫోను మోగితేనే ఉలిక్కిపడే మనిషి సైదులు. అయినా సరేనన్నాడు.

మోనాచారి కూతురి వైపు చూశాడు. "దూరమేగానీ..." అని ఆగి, "దాని బుద్ధి నాకు తెలుసు సార్. దాన్నే రాసుకోనీయండి" అన్నాడు.

నాలుగున్నర దాటింది. మోనాచారి సిమ్ము తీసి మాస్టారి ఫోనులో వేశారు. కొలిమి దగ్గర సిగ్నల్ లేదు. ముగ్గురూ ఊరి చివర కల్వర్టు దాకా పరిగెత్తారు. అక్కడ ఒక్క గీత వచ్చింది. పాస్‌వర్డు కొట్టారు, ఓటీపీ కోసం చూశారు. అది రాలేదు. మళ్ళీ కొట్టారు. నాలుగూ నలభై రెండుకు వచ్చింది. జాబితా తెరుచుకుంది.

సైదులు ఫోను ఈశ్వరి చేతికి ఇచ్చాడు. ఇచ్చాడే గానీ వేళ్ళు వెంటనే వదల్లేదు. ఆ పిల్ల మెల్లగా లాక్కోవాల్సి వచ్చింది.

మెటలర్జీని మొదటికి తెచ్చింది. ఇంకో ఊళ్ళో ఉన్న అదే కోర్సును రెండోది చేసింది. ఊళ్ళో కాలేజీని మూడోది చేసింది. మిగతావి తీసేసింది.

"సరేనా సార్?"

వద్దు అనే మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. "మొదటిదానికి నీ ర్యాంకు అంచులో ఉందమ్మా" అన్నాడు. "రావచ్చు, రాకపోవచ్చు. ఇంతకుమించి నాకు తెలీదు."

ఈశ్వరి ఒకసారి తండ్రిని చూసి, సేవ్ నొక్కింది.

పొద్దుగూకే వేళకు సైదులు దర్జీ అంగడి ముందు బండి ఆపాడు. షర్టు చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. లోపలికి వచ్చి తన మామూలు చోట్లో కూర్చున్నాడు. ఖాసిం తాత తల ఎత్తలేదు. ఎవరిదో పాత లాల్చీకి గుండీలు కుడుతున్నాడు.

"రాసుకుందా?"

"రాసుకుంది."

"భయం పోయిందా నీకు?"

"లేదు తాతా. పొద్దుటికంటే ఎక్కువైంది."

తాత సూదిలో దారం ఎక్కించి, కొసకు ముడి వేశాడు.

"ఉండనీలే నాయనా. ఇయ్యాలన్నా అది పిల్లల జాబితాలోకి పోకుండా నీ దగ్గరే ఉంది."