గోటి మందం

రాజమౌళికి కాలు ఒక్కతాన నిలుస్తలేదు. నొప్పికి కాదు, సంబురానికి!

తాటిచెట్టు మీదికెళ్లి జారిపడి, వెన్నుపూస ఆపరేషనై మంచాన పడ్డ మనిషి. లేస్తడా లేవడా అని ఊరంత గుసగుస. గసుంటోడు ఇయ్యాల చేతికర్ర పారేసి, నడుముకు బెల్టు బిగించి, ఇంటికాడికెళ్లి ఈతవనం దాక నడిచొచ్చిండు. ఉత్తగనే వచ్చిండా? చెట్లెక్కే మోకు భుజానేసుకొని వచ్చిండు.

మళ్ల పడితే ఇగ లేసుడుండదని డాక్టరు చెప్పే పంపిండు. ఇంటే గద! కసరత్తు చేయించే మేడం నడుము కొంచెం లేపమంటే చెమటలు కారేదాక లేపుతడు. గేటు దాక నడవమంటే బజారంత తిరిగొస్తడు. పొద్దూకితే మూలుగుడు. "ఆత్రగానికి బుద్ధి మట్టు" అని పెండ్లాం స్వరూప తిట్టని పూట లేదు.

వనంల ముసలి సోమలింగం కత్తి నూరుకుంట కూసున్నడు. రాజమౌళికి కల్లుగీత నేర్పిన గురువు, వరుసకు మేనమామ.

"మామా, సూస్తివా! నడిచిన! ఇగ తాటిచెట్టెక్కుత, ఇయ్యాల్నే!"

"ఎక్కుపో, నేనొద్దన్ననా?" అన్నడు సోమలింగం. "గని గొంతెండుతాంది. ముందుగాల గీ ఈతచెట్టు గీసి కల్లుకు లొట్టి కట్టు."

ఛాతి ఎత్తు చెట్టది. నిలబడే గీయొచ్చు. కత్తి చేతికి రాంగనే రాజమౌళికి పోయిన పాణం వచ్చినట్టైంది. గోటి మందం పొర తీసిండు. తడి మెరిసింది.

"గంతేనా? గట్ల గీస్తే లొట్టి ఎప్పుడు నిండాలె? లోతుగ దింపు."

రాజమౌళి పక్కున నవ్విండు. "పరాష్కమా మామా? గోటి మందం దాటితే చేతి మీద కొట్టినోనివి నువ్వే గద!"

"అప్పుడు కొట్టిన. ఇప్పుడు నాకు ఆత్రమైతాంది. ఇటు తే."

ముసలాయన కత్తి గుంజుకున్నడు. రెండు చేతుల పట్టి పైకెత్తిండు. మొఖంల నవ్వు లేదు. రాజమౌళి మోకు కింద పారేసి, ఒక్క ఉరుకున పోయి మామ చెయ్యి దొరకబట్టుకున్నడు.

"పిస్స లేసిందానే నీకు! చెట్టు సస్తది!"

ఉరికిన ఊపుకు నడుముల కలుక్కుమన్నది. "అమ్మా" అని బెల్టు మీద చెయ్యేసుకున్నడు.

సోమలింగం ఆ చెయ్యి దిక్కే సూసిండు.

"చెట్టు మీదున్న ప్రేమ గా నడుము మీద లేకపాయె."

కింద పడ్డ మోకు ఏరి, తన భుజానేసుకొని ఎల్లిపోయిండు.

తెల్లారి మేడం వచ్చింది. రాజమౌళి ఆమె చెప్పినంత చేసి, నిమ్మలంగ పక్కకు ఒరిగిండు. రోజూ "ఆపయ్యా, ఆపు" అని మొత్తుకునే మనిషాయె, ఆమెకు నమ్మబుద్ధి కాలే.

"ఏమైంది, నొప్పి లేసిందా?"

"లేదు మేడం. ఇయ్యాల్టికి గోటి మందం చాలు."

ఆమెకేం సమజ్ కాలే. బయట అరుగు మీద సోమలింగం మాత్రం తల ఎత్తకుంట, రాజమౌళి మోకుకు కొత్త నార పేనుతాండు.