ఇరవైముగ్గురు బిడ్డల ఓబులేసు

అనగా అనగా, మా తాతకు వాళ్ళ తాత చెప్పేనాటికే పాతబడిపోయిన మాట ఇది. వినండి.

రాళ్ళవంక అని ఒక ఊరు. ఆ ఊరికి ఒక బడి. బడి వెనక కొండ, కొండ వెనక అడివి. ఒక ఏడు ఎండాకాలంలో అడివిలోంచి దొంగలు దిగివచ్చి, బడిలో ఉన్న ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుపోయారు. ఊరివాళ్ళు వెతకని గుట్ట లేదు. పిల్లలు దొరకలేదు. తల్లులు మిగతా పిల్లల్ని ఇళ్ళలో పెట్టి తలుపులు వేసుకున్నారు. బడి మూతబడింది.

అప్పుడు ఊరి పెద్దకాపుకు ఒక ఆలోచన తట్టింది. "కోటలో ముప్పై ఏళ్ళు కొలువు చేసి ఇంటికొచ్చిన బంటు ఓబులేసు ఉన్నాడు కదా. బల్లెం పట్టుకుని బడి కాడ నిలబడమందాం. పూటకింత సంకటి మనమే పెడదాం" అన్నాడు.

ఓబులేసు తల నెరిసిన మనిషి. ఊరి చివర గుడిసెలో ఒక్కడే వండుకుని, ఒక్కడే తినేవాడు. ఇంక తనతో ఎవరికీ పనిలేదని అనుకుంటున్న రోజుల్లో ఈ కబురు వచ్చింది. చూరులో దోపిన బల్లెం తీశాడు, తుప్పు రుద్దాడు, పొద్దు పొడిచేసరికి బడి గడప ముందు నిలబడ్డాడు.

నిలబడ్డవాడు కదల్లేదు. ఎండకు కదల్లేదు, వానకు కదల్లేదు, చలికి కదల్లేదు. దొంగలు కొండ మీదనుంచి ఒకసారి చూశారు, రెండుసార్లు చూశారు, మూడోసారి చూసి దారి మార్చుకున్నారు. ఒకరి వెనక ఒకరు పిల్లలు మళ్ళీ వచ్చారు. ఇరవైఇద్దరయ్యారు.

ఒకనాడు బడి అయ్యవారు బయటికొచ్చి, "ఓబులేసూ, ఈ ఈరిగాడు ఎక్కాలు అప్పజెప్పడం లేదు. నీ బల్లెం ఒకసారి వాడి ముందు ఆడించు, దెబ్బకు వస్తాయి" అన్నాడు.

"వద్దు సామీ. నేను పిల్లలకు కాపలా. పిల్లల మీద కాదు" అన్నాడు ఓబులేసు. కదల్లేదు.

ఇంకొకనాడు చెప్పులు కుట్టే మారెప్ప కొడుకు సుంకన్న పలక పట్టుకుని వచ్చాడు. పెద్దకాపు పరుగున వచ్చాడు. "వాణ్ణి గడప తొక్కనీకు! నిన్నిక్కడ పెట్టింది నేను. గుర్తుందా?"

ఓబులేసు ఊరి చివర తన గుడిసె వైపు ఒకసారి చూశాడు. ఈ పని పోతే మళ్ళీ ఆ గుడిసె, ఆ ఒంటి పొయ్యి. పొద్దున్నే 'ఓబులేసు తాతా' అని పిలిచే గొంతులు ఉండవు. అయినా అదే మాట అన్నాడు.

"నేను పిల్లలకు కాపలా దొరా. పిల్లల మీద కాదు." పక్కకు జరిగి సుంకన్నకు దారిచ్చి, మళ్ళీ గడప ముందు నిలబడ్డాడు.

సుంకన్నతో పిల్లలు ఇరవైముగ్గురయ్యారు. ఆ పూటనుంచి సంకటి రాలేదు. మూడు రోజులు రాలేదు. ఓబులేసు వంక నీళ్ళు తాగి నిలబడ్డాడు. నాలుగోనాడు సుంకన్న తల్లి ముంతడు అంబలి తెచ్చి, ఇవ్వాలా వద్దా అని దూరంగా ఆగింది. "తే తల్లీ, ఆకలిగా ఉంది" అని అందుకుని గటగటా తాగేశాడు.

మూడోమాటు వచ్చింది ఎవరనుకున్నారు? దొంగలు కాదు. రాజుగారి దండు. ఎక్కడో యుద్ధం. మూటలు మోయడానికి మగపిల్లలు కావాలి. అట్లా పోయిన పిల్లల్లో తిరిగొచ్చినవాడు లేడు. పన్నెండు గుర్రాలతో దండు నడిపే దళవాయి బడి ముందు ఆగాడు. ఒకప్పుడు ఓబులేసు దగ్గర బల్లెం పట్టడం నేర్చుకున్నవాడే.

"జరుగు, ఓబులేసన్నా. రాజాజ్ఞ."

"రాజుగారి మాట ఇంకొకటి ఉంది నాయనా. ముప్పై ఏళ్ళు కొలువు చేసినవాడి బిడ్డల్ని దండుకు పట్టగూడదు."

"నీకు పిల్లల్లేరని కోటంతా తెలుసు కదన్నా!"

"కోటకు తెలిసింది తక్కువ. అడిగి చూడు."

దళవాయి గుమ్మంలోంచి వేలు చూపించాడు. "ఎవరి బిడ్డవురా నువ్వు?"

ఈరిగాడు నోరు తెరిచేలోపే ఓబులేసు అన్నాడు: "నా బిడ్డ."

"నువ్వు?" ఈసారి పెద్దకాపు కొడుకు.

"నా బిడ్డ."

"నువ్వు?" ఈసారి సుంకన్న.

"నా బిడ్డ. ఇరవైముగ్గురూ నా బిడ్డలే. కాదన్నవాడు నన్ను దాటి లోపలికి పోవాలి."

ఒక కుర్రబంటు ఉక్రోషం పట్టలేక ఈటె విసిరాడు. అది ఓబులేసు భుజంలో దిగింది. నెత్తురు వేళ్ళదాకా కారింది. ఓబులేసు కదల్లేదు. అప్పుడు సుంకన్న బయటికి ఉరికొచ్చి అతని పంచె పట్టుకున్నాడు. "మా నాయన్ను కొట్టొద్దు!" వాడి వెనక ఈరిగాడు, వాడి వెనక పెద్దకాపు కొడుకు, వాళ్ళ వెనక అందరూ. "మా నాయన! మా నాయన!"

దళవాయి చెయ్యెత్తి దండును ఆపాడు. "ఓబులేసన్నకు ఇరవైముగ్గురు బిడ్డలని రాజుగారితో నేను చెప్తాను" అని గుర్రం తిప్పాడు.

గాయం మానలేదు. తొమ్మిదోనాడు ఓబులేసు పోయాడు. కొరివి ఎవరు పెట్టాలని ఊరు తర్జనభర్జన పడుతుంటే, పిల్లలే వచ్చి పాడె ఎత్తారు. ముందు కొమ్ము కింద ఒకవైపు పెద్దకాపు కొడుకు, ఇంకోవైపు సుంకన్న. పెద్దకాపు తలపాగా తీసి చంకలో పెట్టుకుని వెనక నడిచాడు. ఇరవైముగ్గురూ ఒకే కొరివి మీద చెయ్యివేసి నిప్పు పెట్టారు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల బిడ్డను మొదటిసారి బడికి తీసుకుపోతే, అయ్యవారు గడప లోపల నిలబడి అడుగుతాడు: "ఎవరి బిడ్డవు?" ఆ ఒక్కరోజు బిడ్డ తండ్రి పేరు చెప్పదు, ఇంటిపేరు చెప్పదు, కులం చెప్పదు.

"ఓబులేసు బిడ్డను" అంటుంది.

మొన్న మా మనవరాలు కూడా అట్లే చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది.