ఉద్దండరాయుడు చేర్చుకున్న సేన

నల్లరేగడి నేలలకు పేరుపడ్డ మేఘగిరి రాజ్యాన్ని ఒకప్పుడు ఉద్దండరాయుడనే రాజు ఏలేవాడు. పరాక్రమం ఉన్నవాడే గాని, గొప్పలు అంతకు మించి ఉండేవి. ఆయన తుమ్మితే వందిమాగధులు మేఘం ఉరిమిందనేవారు. ఆయన అది నిజమేననుకుని ఆకాశం వంక చూసేవాడు.

ఆయన కొలువులో బయ్యన అనే హాస్యగాడుండేవాడు. పుట్టింది రేగడిపాలెం రైతుల ఇంట. పట్టుబట్టలు కట్టినా, రాజుగారి పక్కన కూర్చున్నా, "మాది రేగడిపాలెం" అని చెప్పుకునేటప్పుడు మాత్రం అతని ఛాతీ జానెడు పొంగేది.

ఒకనాడు అతని అక్క కామసాని కోటకు వచ్చింది. మనిషి మండిపడుతోంది.

"ఏరా బయ్యా, మీ రాజుగారికి మతి ఉందా? మంత్రి తిప్పరుసు మాట విని ఊరూరా జొన్నే వేయాలని చాటింపు వేయించాడు. మినుము, పెసర, కంది ఏవీ వేయకూడదట! అవి మోకాలెత్తు కూడా ఎదగని సోమరి మొక్కలట. సైన్యానికి జొన్నలు కావాలట."

"తెలుసక్కా. రెండేళ్ళాయెగా."

"ఆ రెండేళ్ళలో నేల ఏమైందో తెలుసా? జొన్న మీద జొన్న వేస్తే పైరు పసుపు పూసినట్టు పాలిపోయింది. నేల ఇటికలా బిగిసింది, నాగలి దిగడం లేదు. అందుకే ఈ ఏడు ఊరంతా ఒక్కమాట మీద నిలబడి మినుము చల్లాం. ఇప్పుడు పూత మీద ఉంది. ఎల్లుండి రాజభటులు వచ్చి పీకేస్తారట. నువ్వు కొలువులో ఉండి ఏం చేస్తున్నట్టు? రాజుగారిని నవ్విస్తున్నావా?"

ఆ మాట బయ్యన గుండెలో ముల్లులా దిగింది. "పీకనివ్వను. నువ్వు రేపటికి నేను చెప్పేవి పట్టుకుని రా" అన్నాడు.

ఆ సాయంత్రం కొలువులో తిప్పరుసు రాజుగారి సేనను పొగుడుతున్నాడు. కాల్బలం, గుర్రాలు, ఏనుగులు! ఒక్కొక్క మాటకూ సభ చప్పట్లు కొడుతోంది. బయ్యన ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏం బయ్యనా, చేతులకు వాతం చేసిందా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ. ఇంతకంటే పెద్ద సేనను చూసి వచ్చిన కళ్ళు. చప్పట్లు కొడదామంటే చేతులు రావడం లేదు."

రాజు సింహాసనం అంచుకు జరిగాడు. "ఎక్కడ? ఎవరి సేన?"

"మీ రాజ్యంలోనే. రేగడిపాలెం పొలాల్లో విడిది చేసింది. ఎవరిదీ కాదు. ఏ రాజుకూ దండం పెట్టదు."

"ఆయుధాలు?"

"లేవు. విడిది ఇచ్చినవాళ్ళు కాస్త తీపి పెడితే తింటుంది. బదులుగా గాలిలోని సత్తువ పట్టి తెచ్చి ఆ ఇంటిని పోషిస్తుంది. పోతూ పోతూ, తరవాత వచ్చేవాడికి కూడా ఇంత మిగిల్చిపోతుంది."

రాజు కళ్ళు మెరిశాయి. "జీతం అడగని సేనా! అది నాకు కావాలి. వాళ్ళేం కోరుతున్నారు?"

"ఒకటే ప్రభూ. వాళ్ళ గుడారాలు ఎవరూ పెకలించకూడదు."

"ఓస్, అంతేనా! వాళ్ళ గుడారాల జోలికి వెళ్ళినవాడు నాకు శత్రువు. ఇది ఉద్దండరాయుడి మాట! ఇప్పుడే చాటింపు వేయండి. రేపు వాళ్ళ నాయకుణ్ణి నా ముందుకు తీసుకురా."

తెల్లవారింది. రాజు కవచం తొడిగి, కిరీటం సర్దుకుని కూర్చున్నాడు. బాకాలు ఊదారు. బోయీలు పల్లకి దించారు. బయ్యన తెర తీశాడు.

లోపల తడిగుడ్డ మీద, వేళ్ళకు మట్టితో, ఒక మినుము మొక్క ఉంది.

ఎవరో నవ్వు ఆపుకోలేక పొలమారారు. రాజు మొహం కందగడ్డయింది.

"రాజద్రోహం!" అని లేచాడు తిప్పరుసు. "చూడండి ప్రభూ, వేళ్ళ నిండా బుడిపెలు! రోగిష్టి మొక్కను తెచ్చి నాయకుడంటున్నాడు."

బయ్యన ఒక బుడిపెను గోటితో చీల్చి రాజు ముందు పట్టాడు. లోపల లేత ఎరుపు.

"రోగమైతే కుళ్ళు ఉండాలి ప్రభూ. ఇది నెత్తురు రంగు. ఇవే గుడారాలు. వీటి నిండా కంటికి ఆనని జీవులుంటాయని, మొక్క పెట్టే తీపి తిని గాలిలోని సత్తువను మొక్కకూ నేలకూ ఇస్తాయని మా పెద్దల మాట."

"కంటికి కనబడని సేన ఉందని నమ్మడమెలా?" అన్నాడు రాజు కటువుగా.

"కనబడేది అవి చేసిన పని ప్రభూ." గుంపులోంచి కామసాని ముందుకు వచ్చింది. ఆమె పళ్ళెంలో రెండు మట్టిగడ్డలున్నాయి. "ఇది మా ఊళ్ళో జొన్న మీద జొన్న వేసిన మంత్రిగారి చేనిది. ఇది ఎప్పుడూ పప్పు పైరుతో మార్చి వేసుకున్న మా పెరటి నేలది. రెండూ ఒకే ఊరి మట్టి. తమ చేత్తో నలిపి చూడండి."

రాజు మొదటి గడ్డను పిడికిట బిగించాడు. పళ్ళు బిగించాడు. ఉంగరాలు వేళ్ళలో దిగాయి గాని గడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. విసుగ్గా దాన్ని పడేసి రెండోది పట్టుకున్నాడు. అది వేళ్ళ సందుల్లోంచి రవ్వలా రాలిపోయింది. తొలకరి వాసన సభంతా కమ్మింది.

బయ్యన తల ఎత్తి అన్నాడు: "తమ పిడికిలికి లొంగని మట్టిని పిండి చేసిన సేన ప్రభూ ఇది!"

రాజు అరచేతికి అంటిన మట్టిని దులుపుకున్నాడు. "మాట ఇచ్చేశాను, మినుము పీకేది లేదు. కాని పై ఏడు ఆ చేలల్లో జొన్న వేసి చూపించు. పక్కనే తిప్పరుసు చేను ఉంది కదా, అందులో జొన్న మీద జొన్నే వేస్తాడు. నీది ఓడిందో, నువ్వు కోట విడిచి పోవాలి."

"గెలిస్తే?"

"అప్పుడు చూద్దాం."

రేగడిపాలెం మినుములు ఇంటికి చేరాయి. రాలిన ఆకులు, మిగిలిన వేళ్ళు నేలలోనే మురిగాయి. పై ఏడు ఆ నేలలో జొన్న మొలిచింది.

కంకులు గింజ పట్టిన రోజుల్లో రాజు గుర్రమెక్కి వచ్చాడు. తిప్పరుసు చేలో జొన్న నడుమెత్తున ఎండిపోయి నిలబడింది. గట్టు దాటి రేగడిపాలెం చేలోకి గుర్రాన్ని దూకించాడు. అంతే, రాజు కనబడలేదు, గుర్రం కనబడలేదు. ముదురాకుపచ్చ పైరు మీద కిరీటం కొన ఒక్కటే తళుక్కుమంటూ కదిలింది. భటులు "ప్రభూ, ప్రభూ" అని కేకలు పెట్టారు.

చేను మధ్యలోంచి పెద్ద నవ్వు వినిపించింది. అంత నవ్వు ఆయన నవ్వగా బయ్యన ఎన్నడూ వినలేదు.

"నన్ను మింగేసింది బయ్యనా నీ సేన!" అంటూ బయటికి వచ్చాడు రాజు. కిరీటంలో జొన్నాకు ఇరుక్కుని ఉంది. చేతి కంకణం తీసి బయ్యనకు తొడిగాడు. జొన్న తరవాత మినుమో పెసరో కందో ఎవరికి నచ్చింది వారు వేసుకోవచ్చని అక్కడే చెప్పేశాడు. తిప్పరుసు తల దించుకున్నాడు.

"అమ్మా, నీకేం కావాలి?" అని కామసానిని అడిగాడు.

"మాకు నేల ఉంది ప్రభూ" అంది కామసాని. "కాకపోతే మా చేలో నడిచేటప్పుడు చెప్పులు విడిస్తే సంతోషం."

భటులు గుడ్లు తేలేశారు. రాజు మళ్ళీ నవ్వి, జరీ చెప్పులు గట్టున విడిచి నల్లమట్టిలో అడుగుపెట్టాడు. పాదం మెత్తగా దిగింది. ఆయన వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు.

రాజు ముందు అందరూ వంగడం బయ్యన రోజూ చూసేదే. రేగడిపాలెం మట్టి ముందు రాజు వంగడం మాత్రం ఆనాడే చూశాడు.