సకీనా ఇల్లెక్కడ

మా గురువుగారు సోమశేఖరాచారిగారికి ప్రశ్నలకు వెంటనే జవాబివ్వడం అలవాటు లేదు. మెట్టుగూడలో ఆయన ఇంటి డాబా మీద ఉదయం పూట ఉపనిషత్తు పాఠం అయ్యాక ఎవరైనా ఏదైనా అడిగితే, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ కాసేపు దూరంగా చూసేవారు. ఆ తుడవడం పూర్తయ్యేలోపు అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే అనుమానం పుట్టేది.

ఒక చలికాలపు పొద్దున, మంచు ఇంకా విడవకముందే, వంశీధర్ అడిగాడు. అతను పర్యాటకులను బస్సులో తిప్పి నగరం చూపించే ఉద్యోగంలో ఉన్నాడు.

"గురువుగారూ, చార్మినారు, గోల్కొండ, మ్యూజియం, ట్యాంక్‌బండ్... వీటి గురించి నిద్రలో లేపినా చెబుతాను. బస్సు వెళ్ళని పేటలన్నీ సెలవు రోజుల్లో ఒక్కణ్ణే తిరిగి చూశాను. బాగానే ఉన్నాయి. కాని ఒక్కటీ నాదనిపించలేదు. ఇన్నేళ్ళయినా ఊరు చూడ్డానికి వచ్చినవాడిలాగే మిగిలిపోయాను. వదిలేసి వెళ్ళిపోదామనిపిస్తోంది. మనిషికి ఒక పేట ఎప్పుడు సొంతమవుతుంది?"

గురువుగారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. తర్వాత ఆయన చెప్పింది ఇది.

సీతాఫల్‌మండిలో అరుంధతి అనే అమ్మాయి ఉండేది. పెళ్ళయిన నెలకే పార్వతీపురం నుంచి వచ్చింది. భర్త రైల్వేలో ఉద్యోగి. ఇల్లు సర్దుకుంది గాని మనసు సర్దుకోలేదు. ఎవరైనా పలకరిస్తే, "మేం ఇక్కడివాళ్ళం కాదండీ" అని ముందే చెప్పేసేది. వచ్చిన కొత్తలో భర్త చార్మినారు ముందు నిలబెట్టి ఒక ఫొటో తీశాడు. దాన్ని వాళ్ళమ్మకు పంపింది. అక్కడితో ఈ నగరంతో తన పని అయిపోయిందనుకుంది. భర్త డ్యూటీకి వెళ్ళాక, మధ్యాహ్నాలు వచ్చేపోయే రైళ్ళ చప్పుడు వింటూ పడుకునేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, ఓరగా వేసిన తలుపు తోసుకుని ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. చెప్పులు గుమ్మం పక్కన విడిచింది. వంటింటి గడప దగ్గర చతికిలబడి, "సకీనా, చాయ్ పెట్టవే. కాళ్ళు గుంజుతున్నయ్" అంది.

అరుంధతి హడలిపోయింది. తర్వాత ఆ ముఖం చూసింది. చాలా దూరం నడిచి, చివరికి ఇల్లు చేరుకున్న మనిషి ముఖం అది. ఏమీ అడగకుండా టీ పెట్టింది.

సాయంత్రానికి ఆవిడ కొడుకు దశరథ్ వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళు ఉండేది రెండు సందుల అవతలే. ఆవిడ పేరు మాణిక్యమ్మ.

"ఏమనుకోకమ్మా. అమ్మకు మతిమరుపు జబ్బు. చిన్నప్పుడు ఈ ఇంట్ల సకీనా అని అమ్మ దోస్తు ఉండేదట. పెండ్లయి పాతబస్తీకి పోయింది. ఆమె చనిపోయి కూడా చానా ఏండ్లయింది. ఇగ ఇటు రానియ్య."

"రానివ్వండి" అంది అరుంధతి. "నాకూ ఏటీ తోచదు."

అప్పటినుంచి మాణిక్యమ్మ వస్తూనే ఉంది. టీ తాగి, అరుంధతి చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిపించేది. చిలకలగూడ, నామాలగుండు, వారాసిగూడ. ఆ సందులన్నీ ఎండలో కళ్ళు మూసుకుని ఉండే వేళ. ఆమె చూపించేవేవీ అక్కడ లేవు. సెల్‌ఫోన్ల కొట్టు ముందు ఆగి, "గంపలు దించుతున్నరు, జర పక్కకు జరుగు" అనేది. ఆమె కళ్ళకు అక్కడ ఇంకా సీతాఫలాల గంపలు దిగుతూనే ఉన్నాయి. అరుంధతి పక్కకు జరిగేది. కొన్నాళ్ళకు ఆమెకూ మగ్గిన పండ్ల తియ్యటి వాసన తగలసాగింది. నాలుగంతస్తుల భవనం ఉన్నచోట మాణిక్యమ్మకు ఒక తురాయి చెట్టు కనిపించేది. లేని ఆ చెట్టు నీడలో ఇద్దరూ నిలబడి చెమట తుడుచుకునేవారు. నిజంగానే చల్లగా ఉండేదని అరుంధతి తర్వాత గురువుగారితో చెప్పింది.

దారిలోని జనం మొదట నవ్వారు, తర్వాత పలకరించారు. "సకీనమ్మా, ఇయ్యాల లేటైందేంది?" అని ఇస్త్రీ బండి ఆయన అడిగితే, అరుంధతి అది తన పేరు కాదని చెప్పలేదు. ఆ మధ్యాహ్నాలకు ఆ పేరే సరిపోయింది.

ఇలా ఉండగా దశరథ్ ఇంటికి కరీంనగర్ నుంచి చుట్టాలొచ్చారు. వాళ్ళకు చార్మినారు చూపిస్తూ అమ్మను కూడా తీసుకెళ్ళాడు. సాయంత్రం అరుంధతికి ఫోను చేశాడు. "అమ్మ గుంపుల తప్పిపోయిందమ్మా. మీ ఇంటికి గిట్ల వచ్చిందా?"

అరుంధతి ఉన్నపళంగా రోడ్డు మీదికి పరుగెత్తింది. గురువుగారు అప్పుడు ఆ వీధిలోనే ఎవరినో చూసి ఆటోలో తిరిగి వస్తున్నారు. అరుంధతి ఆ ఆటోకు అడ్డం నిలబడి, "పెద్దవారు, నాతో రండి బాబూ. అటేపు నాకేటీ తెలీదు" అంది. ఆయన పక్కకు జరిగి చోటిచ్చారు.

చార్మినారు దగ్గర, గాజుల దుకాణాల ముందు దశరథ్ ఏడుస్తూ కనిపించాడు. "ఇగో చార్మినార్ అమ్మా అని చూపెట్టిన. 'ఇది పటం లెక్క ఉన్నది, పట్నం ఏదిరా?' అన్నది. ఇటు తిరిగి చూసేసరికి లేదు." ఇలాంటి ముసలమ్మను చూశారా అని అతను అడగని మనిషి లేడు. ఎవరూ చూడలేదన్నారు.

అరుంధతి ఒక్క క్షణం ఆలోచించి, మూలమీది అత్తరు కొట్టతని దగ్గరికి వెళ్ళింది. "సకీనా ఇల్లెక్కడండీ?"

"ఇందాక ఒక పెద్దమ్మ కూడా ఇదే అడిగింది" అన్నాడతను. "ఏ సకీనా అంటే చెప్పలే. హుస్సేనీ ఆలం గల్లీల మగ్గం పని చేసే సకీనా ఉంది. అటు పంపిన."

ముగ్గురూ అటు నడిచారు. వెనక సందడి కొద్దికొద్దిగా తగ్గి, నీళ్ళలో మునిగినట్టు మాయమైంది. ఎత్తైన పాత గోడలు, గోడల మీద పావురాలు, తలుపు సందుల్లోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఆ సందులో అడుగుతూ పోగా ఒక తలుపు తెరిచి ఉంది. లోపల చెక్క మగ్గానికి ఎర్రటి పెళ్ళి బట్ట బిగించి ఉంది. చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు సూదులతో పని చేస్తున్నారు. వాళ్ళ మధ్యలో మాణిక్యమ్మ, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని పూసలు ఏరుతోంది.

"నేనే సకీనా" అంది వాళ్ళలో ఒకామె. ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు. "వచ్చినప్పటి సంది చిన్నప్పటి ముచ్చట్లు చెప్తున్నది. నేను పుట్టక ముందటి ముచ్చట్లు. నేను హా, హా అంటున్న. కాదంటే పాపం, ఎటు పోతది?"

అరుంధతి "అమ్మా!" అంటూ దగ్గరికి వెళ్ళింది. మాణిక్యమ్మ తలెత్తి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎవరు బిడ్డా నువ్వు? నిలబడ్డవేంది, రా, కూసో. సకీనా, ఈ పిల్లకు చాయ్ పొయ్యవే."

అప్పుడు అరుంధతి ముఖం చూడలేకపోయానని గురువుగారు అన్నారు. ఇన్ని నెలలు ఏ పేరుతో బతికిందో ఆ పేరు చేజారిపోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అయినా కూర్చుంది. ఇచ్చిన టీ తాగింది. సకీనా గొంతు తగ్గించి, "మీ అమ్మనా?" అని అడిగింది. అరుంధతి కాదని తల ఊపింది.

"మరి?"

"మా పేట ఆవిడ."

ఆ మాట మాణిక్యమ్మ చెవిన పడింది. "ఏ పేట బిడ్డా మీది?"

"సీతాఫల్‌మండి అమ్మా."

"అబ్బో, అంత దూరమా!" మాణిక్యమ్మ పూసల పళ్ళెం పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "పద, ఇంటికాడ దింపి వస్త. కొత్తదానివి లెక్క ఉన్నవు, తప్పిపోతవ్."

ఆటోలో దారి పొడుగునా ఆమె అరుంధతి చెయ్యి వదల్లేదు. సీతాఫల్‌మండిలో దిగాక తనే ముందు నడిచి, సరిగ్గా ఆ గుమ్మం ముందు ఆగి, "ఇదేనా మీ ఇల్లు?" అని అడిగింది.

"ఇదేనమ్మా" అంది అరుంధతి.

ఆ తర్వాత మాణిక్యమ్మ ఆమెను సకీనా అని ఎప్పుడూ పిలవలేదు. గడప దాటి రావడం కూడా మానేసింది. మధ్యాహ్నాలు అరుంధతే ఆ రెండు సందులూ దాటి వెళ్ళి, ఎవరు బిడ్డా నువ్వు అని అడిగించుకుని, పక్కన కూర్చునేది.

గురువుగారు చెప్పడం ఆపారు. డాబా మీద ఎండ పడుతోంది. వంశీధర్ అడిగాడు. "అయితే ఆ పేట అరుంధతికి సొంతమైంది మాణిక్యమ్మ వల్లనా, సకీనా వల్లనా?"

గురువుగారు చాప మీదనుంచి లేస్తూ అతని భుజం మీద చెయ్యి వేశారు.

"నీ బస్సుకు వేళయింది. ఇవాళ అందులో ఎవరికైనా దాహమేస్తే, ఎవరి తలుపు కొడతావు నాయనా?"