ఎక్కి దిగని తాబేలు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే పెద్ద ఊరేం కాదు బుజ్జీ, ఇటు ఎర్ర కొండ, అటు నల్ల రాళ్ళు, మధ్యలో చాపంత ఇసుక, ఆ ఇసుక మీద నాలుగు పాకలున్న ఊళ్ళో, గురువులు తాత అని ఒక ముసలి జాలరి ఉండేవాడు. ఆయనకి నూకరత్నం అని ఒక మనవరాలు. నీ అంతే ఉంటుంది. అల్లరి మాత్రం నీకంటే చేటెడు ఎక్కువ. ఊఁ కొట్టు మరి.

ఆ ఊరికో ఆచారం ఉండేది. ఉగాది లోపల ఇంటి పెద్ద మూడింటిని కళ్ళారా చూడాలి. కొండ మీద మోదుగ పువ్వు, ఇసుక మీద బాలబంది పువ్వు, నీళ్ళ అంచున తాబేలు జాడ. మూడూ చూస్తే పడవ ముక్కుకి రంగుతో కొత్త కళ్ళు వేసి సముద్రంలోకి తోస్తారు. చూడకపోతే ఆ పడవ ఇక ఆ ఇంట ఉండకూడదు. చుట్టాలకి ఇచ్చెయ్యాలి.

తాత ఏటేటా ఊరందరికంటే ముందే మూడూ చూసేవాడు. కానీ ఆ ఏడు ఆయన కళ్ళకి పొర కమ్మింది.

అప్పుడు నూకరత్నానికి దిగులు పట్టుకుంది. ఎందుకనుకున్నావు? ఆ పడవ నీడలోనే పాత వలతో ఉయ్యాల కట్టి దాన్ని పెంచారు. ఇప్పటికీ ఎవరైనా తిడితే వెళ్ళి ఆ పడవ కిందే దాక్కునేది. పడవ పోతే ఇక ఎక్కడ దాక్కుంటుంది?

ఫాల్గుణ మాసం రాగానే తాత చెయ్యి పట్టుకుని కొండెక్కించింది. చెట్టుకి ఆకన్నది లేదు, ఒళ్ళంతా పూలే. తాత తలెత్తి చూశాడు.

"నిప్పంటుకున్నట్టు ఎర్రగా ఏటో కనబడతాందే."

"అదే తాతా మోదుగ."

"మరి ఆ గోలేటి?"

"గోరింకలు. తేనె తాగి తగువులాడుకుంటన్నాయి."

"మీ నాయనమ్మ తరపోళ్ళేమో," అన్నాడు తాత. అలా ఒకటయ్యింది.

ఆ తర్వాత ఇసుక మీదికి దిగారు. బాలబంది తీగ తెలుసా నీకు? మేక డెక్కలాంటి ఆకు, ఊదారంగు పువ్వు, నేల మీదే పాకుతుంది. తాత మోకాళ్ళ మీద కూచుని, వంగి వంగి, ముక్కు పువ్వుకి తగిలేదాకా వంగి చూశాడు.

"కనబడిందా తాతా?"

"పువ్వూ కనబడింది, అందులో చీమా కనబడింది."

"చీమ ఇప్పుడు నీ ముక్కు మీదుంది," అంది నూకరత్నం. అలా రెండయ్యాయి.

ఇక మూడోది. రోజూ తెల్లారగానే ఇద్దరూ నీళ్ళ అంచున నడిచేవాళ్ళు. పీతలు పక్కకి పరిగెత్తి బొరియల్లో దూరేవి. రాళ్ళ మీద కొంగలు ఒంటికాలి మీద నిలబడేవి. తాబేలు జాడ మాత్రం లేదు.

"నేను నీ అంతున్నప్పుడు మా అమ్మతో వచ్చేవోణ్ణి," అనేవాడు తాత. "కాలు పెట్టడానికి చోటుండేది కాదే. ఇసకంతా తాబేళ్ళ జాడలే. మా అమ్మ నన్ను చంకనెత్తుకుని దాటించేది." అలా అని సముద్రం వైపు చెవి పెట్టేవాడు.

ఉగాది ఎల్లుండనగా పక్క ఊరి నుంచి తాత మేనల్లుడు కబురు పంపాడు, పండగనాడు పొద్దెక్కాక వచ్చి పడవ తీసుకుపోతానని.

అప్పుడు నూకరత్నం ఏం చేసింది? తెల్లారి కోడి కూయకముందే అమ్మ చేట తీసుకుని ఒడ్డుకి పోయింది. చేటని బోర్లించి పొట్ట ఈడ్చినట్టు ఈడ్చింది. అటూ ఇటూ మోచేతులతో ఇసుక తోసింది. పైన గుంట తవ్వి పూడ్చింది. ఆ తర్వాత పొడి ఇసుక మీదుగా ఇంటికొచ్చి, "తాతా, జాడ," అని లేపింది.

తాత వచ్చి జాడ పక్కన కూచున్నాడు. అప్పుడే పొద్దు పొడుస్తోంది. వాలు ఎండకి ఇసుక మీది గీత నల్లగా లేచి కనబడింది.

"కనబడతాందే," అన్నాడు తాత. నూకరత్నం ముఖం వెలిగింది. "కానీ ఒక్క గీతే ఉందేటి? తాబేలమ్మ పైకెక్కింది. మరి దిగలేదా?"

నూకరత్నం కాలి బొటనవేలితో ఇసుక గీకింది.

"ఎక్కడికెళ్ళుంటాదంటావు? మనింటికొచ్చి చద్దన్నం తిని పడుకుందేమో. లేచినకాణ్ణుంచీ మీ అమ్మ చేట కోసం ఎతుకుతాంది, దాన్నీ పట్టుకుపోయినట్టుంది."

నూకరత్నం మోచేతులు వెనక్కి దాచుకుంది. తాత తిట్టలేదు. మొగలి ముళ్ళాకులు కోసుకురమ్మన్నాడు. జాడ కనబడితే కుక్కలు గుడ్లు తవ్వకుండా మూడు వైపులా దడి కట్టి, సముద్రం వైపు వదిలెయ్యడం వాళ్ళ పద్ధతి.

"అది అబద్ధపు జాడ కదా తాతా," అంది, కళ్ళనీళ్ళతో.

"దడి నిజందే కదే," అన్నాడు తాత.

ఇద్దరూ కట్టారు. దారినపోయే వాళ్ళు నవ్వారు. ఆ పూట నూకరత్నం పడవ కిందే చాలాసేపు కూచుంది.

మర్నాడు ఉగాది. మేనల్లుడు వచ్చేలోగా పడవకి ఒక్కసారి నీళ్ళు చల్లి కడుగుదామని ఇద్దరూ ఒడ్డుకి వచ్చారు. తాత ఊరికే దడి వైపు చూశాడు. వాలు ఎండ పడుతోంది. చూసి, ఆగిపోయాడు.

"ఏదీ, మోచేతులు చూపించు," అన్నాడు.

నూకరత్నం చాపింది. ఇసుక రేణువు లేదు.

"అయితే చూడవే. ఎక్కిన గీతా ఉంది, దిగిన గీతా ఉంది."

దడి లోపల, సరిగ్గా చేట ఈడ్చిన చోటే, నిన్నటి గీత చెరిగిపోయి ఇసుక గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. తాత మోకాళ్ళ మీద కూచుని, ఆ రెండు గీతల మధ్య అరచెయ్యి పెట్టి, వాళ్ళమ్మని తలుచుకున్నాడు.

ఆ తర్వాత మేనల్లుడు వచ్చాడు. రెండు గీతలూ చూశాడు, మూడు బూరెలు తిన్నాడు, ఉత్త చేతులతో వెళ్ళాడు.

పడవకి కళ్ళు నూకరత్నమే వేసింది. ఒక కన్ను కాస్త మెల్ల పడింది. తాత తడిమి చూసి, "మంచిదే. ఒక కన్ను సముద్రం మీద, ఒక కన్ను ఇంటి మీద," అన్నాడు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున దడిలోంచి బొటనవేలంత తాబేలు పిల్లలు బుడుబుడుమని నీళ్ళలోకి పోయాయి. తాత పడవ వాటికి దారిచ్చి, పక్కగా ఆగి నిలబడింది, మెల్లకన్నేసుకుని.

గీత ఇసుకకి, తాబేలు కడలికి,
పువ్వు తీగకి, చేట అమ్మకి,
కథ కంచికి, మనం ఇంటికి.
ఇంట్లోనే ఉన్నాం గనక, నువ్వు నిద్దరకి.