రాబోయేవాళ్ళ తుఫాను గది

ఉప్పుదిబ్బ అని సముద్రపొడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో తెలివి ఎవరింట ఉందని అడగండి, పోలినాయుడి ఇంటివైపు వేలు చూపిస్తారు. చూపించేది ఎవరనుకున్నారు, ఆ ఇంటివాళ్ళే. పోలినాయుడు, గురునాయుడు, తవిటినాయుడు ముగ్గురన్నదమ్ములు. ఎవరేం చెప్పినా ఒక్క ముక్క పొల్లుపోకుండా చేస్తారు. మిగతా ఊరంతా సగం విని సగం వదిలేస్తుందట, అందుకే బాగుపడదట. వీళ్ళ అమ్మ పారమ్మ మాత్రం పొద్దున లేస్తే నెత్తి కొట్టుకునేది.

పోయినేడు తుఫాను వీళ్ళ ఇల్లు ఎత్తుకుపోయింది. తాటాకులతో మళ్ళీ ఒక పాక వేసుకున్నారు. అప్పుడు పట్నం నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. ఇంటికొక గట్టి గది కట్టుకోండి, తుఫానొస్తే అందులో దూరొచ్చు అని సిమెంటూ ఇటుకలూ రేకులూ ఇప్పించింది. ఎలా కట్టాలో ఓపిగ్గా చెప్పింది కూడా. ఎత్తు మీద కట్టాలి, వరద ఎక్కకూడదు. గాలి దూరే సందు ఉండకూడదు. ముందు ముందు తుఫానులు ఇంతకింత పెద్దవి వస్తాయి, అందుకని యాభై ఏళ్ళ తరవాతి తుఫాను కోసం కట్టాలి, రాబోయే తరాల కోసం కట్టాలి. పాపం, ఆవిడ మనుషులతో మాట్లాడుతున్నాననుకుంది.

అంతే, పని మొదలెట్టారు. దిబ్బ మీద మనిషెత్తు అరుగు లేపారు. మేస్త్రి మెట్లు కట్టబోతే పోలినాయుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. మెట్లుంటే వరద వాటి మీదుగానే ఎక్కొచ్చెయ్యదూ అన్నాడు. మేస్త్రి తాపీ అక్కడే పడేసి ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఇంకేముంది, మిగతాది అన్నదమ్ములే కట్టారు. గురునాయుడు బయట నిలబడి ఇటుకలు పేర్చాడు, తవిటినాయుడు లోపల నిలబడి పేర్చాడు. గాలి దూరకూడదు గనక కిటికీ పెట్టలేదు, తలుపూ పెట్టలేదు. పైన రేకులు బిగించి ఇంటికొచ్చి కంచాల ముందు కూచుంటే తవిటినాయుడు లేడు. వెళ్ళి గోడకి చెవి ఆనించారు. లోపల వాడు గొంతు చించుకుంటున్నాడు, బయటికి చీమ చిటుక్కుమన్నంతే వినబడుతోంది. చూశావా, కేక కూడా దూరడం లేదు, ఇంక గాలేం దూరుతుంది అని పెద్దవాళ్ళిద్దరూ మురిసిపోయారు. పారమ్మ గునపం తెచ్చి గోడ బద్దలుకొట్టి కొడుకుని బయటికి లాగింది. ఆ కన్నానికే తరవాత ఒక మందపాటి తలుపు బిగించారు. లేకపోతే ఆ తలుపు కూడా ఉండేది కాదు.

అట్లతద్ది వెళ్ళిన వారానికి మళ్ళీ తుఫానొచ్చింది. మధ్యాహ్నానికల్లా పాక మీద తాటాకులు లేచిపోవడం మొదలెట్టాయి. సరిగ్గా అప్పుడే తవిటినాయుడి పెళ్ళాం సన్నమ్మకి నొప్పులొచ్చాయి. తొలిచూలు. పారమ్మ కోడలి నడుం చుట్టూ చెయ్యేసి, పడుతూ లేస్తూ గది దగ్గరికి నడిపించుకొచ్చింది. చూస్తే తలుపుకి తాళం. అరుగు మీద ముగ్గురు కొడుకులూ, ఎక్కొచ్చిన నిచ్చెన పక్కన పెట్టుకుని, వానలో తడుస్తూ కాపలా.

"నిచ్చెన దించి తాళం తియ్యరా పోలిగా. పిల్ల నొప్పులు పడుతోంది."

"ఎలా తీస్తానమ్మా? ఇది యాభై ఏళ్ళ తరవాతి తుఫానుది. ఇవాళ్టి తుఫానుకి వాడేస్తే అప్పటివాళ్ళు ఏమైపోతారు?"

పారమ్మ బతిమాలింది, తిట్టింది, శాపనార్థాలు పెట్టింది. పోలినాయుడు కదల్లేదు. నువ్వు వెళ్ళిపోయే తరానివి, మేం ఉన్న తరం, ఇదేమో రాబోయే తరానిది, పరాయివాళ్ళ సొత్తు ముట్టుకోవడం తప్పమ్మా అని సుద్దులు చెప్పాడు. తవిటినాయుడికి పెళ్ళాన్ని చూస్తే కళ్ళనీళ్ళొచ్చాయి. అయినా అన్న మాట న్యాయంగానే ఉందని తల ఊపాడు, సన్నాసి. అప్పుడు సన్నమ్మ పంటి బిగువున నొప్పి ఆపుకుని నోరు విప్పింది.

"మరి నా కడుపులో ఉన్నది రాబోయేదే కదా, బావగారూ?"

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకుని, నిజమే, బిడ్డకి హక్కుందని తేల్చారు. అయితే బిడ్డని లోపల పెట్టేసి నువ్వు బయటుండు అన్నారు. అదెలాగో మీరే పెట్టి చూపించండి అంది సన్నమ్మ. మళ్ళీ గుసగుసలు. చివరికి గురునాయుడు, బియ్యం లోపల పెట్టాలంటే బస్తాని కూడా పెట్టక తప్పదు కదన్నయ్యా అన్నాడు. మంత్రసాని లేందే రాబోయేవాళ్ళు రారు గనక అమ్మనీ ఒప్పుకున్నారు. నిచ్చెన మీద ఇద్దర్నీ ఎక్కించి, తాళం తీసి, వరద ఎక్కకుండా నిచ్చెన పైకి లాగేశారు. పారమ్మ లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

ఆ తరవాత గాలి చూడాలి. కొబ్బరిచెట్లు విరిగాయి, పాక ఆనవాలు లేకుండా పోయింది. గది మాత్రం చెక్కు చెదరలేదు. ఎంత తెలివితక్కువవాళ్ళు కట్టినా ఇంజినీరమ్మ ఇచ్చిన కొలతలు మంచివి మరి. కాసేపటికి తలుపు సందులోంచి కేర్‌మని ఏడుపు వినిపించింది. మనవడు పుట్టాడని పారమ్మ కేకేసింది. తవిటినాయుడు అన్నని కావలించుకుని ఏడ్చేశాడు. పోలినాయుడు మాత్రం మొహం ముడుచుకున్నాడు.

"పుట్టేశాక వాడింక రాబోయేవాడెలా అవుతాడురా? ఇప్పటివాడే. బయటికి తేవాలి."

తలుపు మీద చెయ్యేస్తే చేతులు విరగ్గొడతానని పారమ్మ లోపల్నుంచి అరిచింది. అరిస్తే మాత్రం వింటారా, వాళ్ళకి న్యాయం ముఖ్యం. గునపం పెట్టి ముగ్గురూ కలిసి తలుపు పొడిచారు. తలుపు ఊడి పడింది. ఇంకేముంది, గాలి ఒక్క ఊపున లోపలికి దూరి రేకులన్నీ ఎత్తుకెళ్ళి సముద్రంలో పారేసింది. సన్నమ్మ బిడ్డని గుండెకి అదుముకుని మూలకి ఒదిగింది. పారమ్మ తన ఒంటినే గొడుగు చేసి ఇద్దరి మీదికీ వంగింది. ఇలాంటి కొడుకుల్ని కన్నందుకు తనని తనే తిట్టుకుంది.

పోలినాయుడు కప్పు లేని గదిని కిందా మీదా చూశాడు. మొహం వెలిగిపోయింది.

"ఇంక ఇది రాబోయేవాళ్ళకి పనికిరాదురా. అంచేత మనం వాడుకోవచ్చు."

అంతే, ముగ్గురూ సంతోషంగా లోపలికొచ్చి గోడకి చేరబడ్డారు. నెత్తి మీద కుండపోత వాన. ఎంత మంచి గది కట్టామోనని ఒకరినొకరు మెచ్చుకున్నారు. గురునాయుడు మాత్రం చలికి వణుకుతూ లేచి, ఊడిన తలుపుని జాగ్రత్తగా ఎత్తి వాకిలికి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి జల్లు కొట్టకుండా.