డేగపుంజు ముద్దుల కొడుకు

ఒకప్పుడు కోడిపిల్లలు ఇప్పటిలా ఉండేవి కావు. గుడ్డు పగలగానే మగపిల్ల నెత్తిన ఎర్ర తురాయి, వెనక వంపు తోక, ఒంటినిండా తండ్రి జాతి రంగుతో బయటికొచ్చేది. తండ్రి కాకిపుంజైతే నలుపు, డేగపుంజైతే ఎరుపు. ఆడపిల్లకి అవేవీ ఉండేవి కావు. ఏది పుంజో ఏది పెట్టో ఎవర్నీ అడిగే పనే లేదు.

సూరాయమ్మ పెరట్లో డేగపుంజుదే పెత్తనం. పొద్దున్నే నాలుగు కూతలు కూసి, సూర్యుణ్ణి తనే లాక్కొచ్చినట్టు రొమ్ము విరుచుకుని తిరిగేవాడు. చెదలు కనబడితే మాత్రం గొంతు తగ్గించి, తురాయి ఉన్న పిల్లల్నే పిలిచేవాడు.

"ఆడపిల్లలు కూడా నీ పిల్లలే కదయ్యా, వాళ్లకీ రెండు పెట్టు" అనేది అతని పెళ్లాం చుక్కలపెట్ట.

"ఆడపిల్లల్ని మేపడమంటే పక్కింటి పాదుకి నీళ్లు పోయడమేనే! మగాడు కూస్తేనే తెల్లారేది. మీ ఆడాళ్లు చేసేదేముంది?"

గుడ్డు పెడతాం అందామనుకునేది చుక్కలపెట్ట. అసలు నువ్వెక్కణ్ణుంచి ఊడిపడ్డావ్ అని కూడా అడుగుదామనుకునేది. కానీ మాటకి మాట చెబితే ఆ పూట మిగిలిన నాలుగు చెదలు కూడా ఆడపిల్లలకి దక్కవు. అందుకే ఆ మిగిలినవాటిని ఏరి వాళ్ల ముందు పెట్టేది.

కిందటి విడతలో దానికి నలుగురు ఆడపిల్లలు పుట్టారు. వానాకాలం వచ్చేసరికి ఒక్కతీ మిగల్లేదు. గద్ద ఎత్తుకుపోయిందని పెరడంతా చెప్పుకున్నాడు డేగపుంజు. ఆకలికి నీరసించి ఆ పిల్లలు పరిగెత్తలేకపోయాయని తల్లికి తెలుసు.

మళ్లీ పన్నెండు గుడ్లు పెట్టింది. "ఈసారి ఒక్కదాన్ని కూడా పోగొట్టుకోను. నువ్వే దారి చూపించు" అని సూర్యుడికి మొరపెట్టుకుంది.

సూర్యుడు ఇబ్బందిగా మబ్బు చాటుకి జరిగాడు. "మీ ఆయన నాకు రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టే పెద్దమనిషమ్మా. మీ ఇంటి గొడవల్లోకి నన్ను లాగకు" అన్నాడు.

చుక్కలపెట్ట ఏడుస్తూ వెళ్లి బీరపాదు కింద మట్టిలో పొర్లింది.

"ఏమైందే తల్లీ?" అని అడిగింది మట్టి. చుక్కలపెట్ట ఉన్నదంతా చెప్పింది.

మట్టి నవ్వింది. "ఇంతేనా? సొర, బీర, పొట్ల, మూడూ మొలకప్పుడు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే సూరాయమ్మ మూడింటికీ నీళ్లు పోస్తుంది. గంప వదిలేసి నా ఒళ్లో పొదుగు. మిగతాది నేను చూసుకుంటా."

ఇరవై ఒకటో రోజున పన్నెండు పిల్లలూ బయటికొచ్చాయి. తురాయి లేదు, తోక లేదు, జాతి రంగు లేదు. అందరికీ ఒకే నూగు, ఒకే కిచకిచ.

డేగపుంజు పన్నెండుమందినీ తిప్పి తిప్పి చూశాడు. "ఒసేయ్, నా కొడుకులేరే?"

"వీళ్లలోనే ఉన్నారు. తండ్రివి కదా, నువ్వే పోల్చుకో!"

కాళ్లు పట్టి తలకిందులు చేస్తే తన్నుకునేవాడే మగాడన్నాడు. పన్నెండూ తన్నుకున్నాయి. "గద్దొచ్చింది!" అని అరిస్తే బెదరకుండా నిలబడేవాడే మగాడన్నాడు. పన్నెండూ తల్లి రెక్కల కింద దూరాయి. తన అరుపుకి తనే బెదిరి, వాళ్లకంటే ముందు గడ్డివాము చాటుకి పోయాడు డేగపుంజు.

చివరికి కంచె మీది తొండకి ఇరవై చీమలు సమర్పించి, శాస్త్రం చెప్పమన్నాడు. "ఇది మగాడేనా?" అంటే తొండ తలూపింది. "ఆడదేమో?" అన్నా తలూపింది.

ఇక చేసేదేముంది? ఎవరికి పెట్టకపోతే ఎక్కడ కొడుకు పస్తుంటాడోనని హడలిపోయి, చెదలు కనబడగానే పన్నెండుమందినీ పిలిచి పెట్టాడు. అది ప్రేమ కాదని చుక్కలపెట్టకి తెలుసు. అయినా పిల్లల నిండు కడుపులు చూసి దానికి ఆనందంతో కళ్లనీళ్లొచ్చాయి.

అయితే డేగపుంజు ఊరుకున్నాడా? ఒక పిల్ల నడకలో దర్జా ఉందని, అచ్చం తన పోలికేనని, దానికి వీరడేగ అని పేరు పెట్టాడు. రోజూ పక్కన నిలబెట్టుకుని కూత నేర్పాడు. నెలలు గడిచినా తురాయి ఎదగలేదేమని ఎవరో అడిగితే, "మా వంశంలో కాస్త ఆలస్యం" అన్నాడు.

ఒక పొద్దున్న, కొడుకు తొలికూత వినమని చుట్టుపక్కల పుంజులన్నిటినీ పిలిచాడు. వీరడేగ మెడ చాచింది. కళ్లు మూసుకుంది. ఒళ్లంతా బిగబట్టింది.

"చూశారా, ఏం ఊపిరో!" అన్నాడు డేగపుంజు.

వీరడేగ గుడ్డు పెట్టింది.

పుంజులన్నీ గొల్లుమన్నాయి. డేగపుంజుకి తల కొట్టేసినట్టయింది. చుక్కలపెట్ట మాత్రం అటు చూడనేలేదు. వానలు వచ్చి వెళ్లిపోయినా తన పన్నెండుమందీ కళ్లముందే ఉన్నారు. వాళ్లలో ఏడుగురు ఆడపిల్లలే!

అప్పటినుంచే కోడిపిల్లలు ఏది పుంజో, ఏది పెట్టో, ఏ జాతో తెలియకుండా పుడుతున్నాయి. అప్పటినుంచే పుంజు గింజ దొరికితే తను మింగకుండా పిల్లలందర్నీ పిలుస్తుంది. తల పక్కకి వంచి, ఒంటికన్నుతో ఒక్కొక్కర్నే చూస్తుంది. ఎంత ప్రేమగల తండ్రో అని మనం మురిసిపోతాం. అతను ఎవర్ని వెతుకుతున్నాడో పెట్టకి తెలుసు. అయినా "తినండర్రా, తినండి" అని పిల్లల్ని ముందుకి తోస్తుంది.